అమ్మని అసిస్టెడ్ లివింగ్‌లో చేర్చాలా, ఇంట్లోనే మనిషిని పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తెనాలి_టు_మియాపూర్
అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. అమ్మకి 79. నాన్నగారు పోయాక తెనాలి మారీసుపేటలో సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. పోయినేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్ పట్టుకుని ఇంట్లో వరకు తిరుగుతుంది. షుగర్ ఉంది, పొద్దునా రాత్రీ ఇన్సులిన్. ఇవన్నీ ఒకెత్తు, ఈమధ్య మతిమరుపు మొదలైంది అదొకెత్తు. మనుషులూ పేర్లూ బానే గుర్తున్నాయి గానీ వేసుకున్న మాత్ర మళ్లీ వేసుకుంటోంది, పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ముందు కూర్చుంటోంది, పక్కింటి పిన్ని వాసనొచ్చి పరిగెత్తుకొచ్చి కట్టేసిన రోజులున్నాయి.

నేను మియాపూర్‌లో ఉంటాను. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలే, పొద్దున 8కి పోతే రాత్రి 7. పిల్లాడు ఇంటర్. చెల్లి అమెరికాలో. శంకరపల్లి వైపు ఒక అసిస్టెడ్ లివింగ్ (పెద్దవాళ్లని ఉంచుకుని రోజువారీ పనుల్లో సాయం చేసే హోమ్) చూసొచ్చాం, సింగిల్ రూం నెలకి 58 వేలు, ఇంకొకరితో కలిసుంటే 42 వేలు, డిపాజిట్ 3 లక్షలు. తిండి, నర్సు, ఆయా అన్నీ అందులోనే అంటున్నారు, మందులు డైపర్లు డాక్టర్ ఫీజు మనవే. ఇంట్లో 24 గంటల మనిషి కావాలంటే ఏజెన్సీ వాడు 28 వేలు ప్లస్ తిండి అంటున్నాడు. నాన్న ఫ్యామిలీ పెన్షన్ అమ్మకి 24 వేలు వస్తుంది. అమ్మని అడిగితే "మీ ఇష్టం నాయనా" అంటుంది, అంతకుమించి నోరు విప్పదు. ఏం చేయమంటారు?

భరతవర్ష
కన్నతల్లిని డబ్బులిచ్చి పరాయి వాళ్ల చేతిలో పెడతారా? మన తాతలకి ఈ లివింగులు ఉన్నాయా? ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానెయ్యండి సార్, 58 వేలు మిగుల్తాయి. అమ్మ ఋణం తీరేది కాదు.

ఓరుగల్లు_కోడలు
భరతవర్ష గారూ, ఒకరు మానెయ్యాలె అన్నరు గదా, ఎవరు మానెయ్యాలెనో గూడ చెప్పున్రి. మాకు తెలుసు లెండి. మా అత్తమ్మ నాలుగేండ్లు మంచంల ఉన్నది, నేనే చేసిన. పొద్దుగాల లేచి డైపర్ మార్చుడు, వీపుకు పౌడర్ కొట్టుడు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పుడు, లేకపోతే పుండ్లు పడతయ్. రాత్రి పూట నిద్ర లేదు. నా నడుము ఇప్పటికీ సక్కగ లేదు. మా ఆయన మంచోడే కానీ తల్లి మూత్రం గుడ్డలు మార్చుడంటే బయటికి పోయి ఫోన్ మాట్లాడేది. దినాలకు వచ్చిన చుట్టాలందరు కొడుకును మెచ్చుకున్నరు. గందుకే తెనాలి అన్నా, నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా మీ ఆవిడతోని కూసొని మాట్లాడి తీసుకో, ఆమె మీద పెట్టి "మా ఇంట్లనే చూసుకుంటున్నం" అని అనకు. తాతల కాలంల ఇండ్లల్ల పదిమంది ఆడోళ్లు ఉండేది, ఇప్పుడు ఫ్లాట్‌ల ఒక్కతి. గంతే తేడా.

కోవై_మాస్టారు
నాకు 76, మా ఆవిడకి 71. గుంటూరు వాళ్లం, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏడేళ్లుగా కోయంబత్తూరులో సీనియర్స్ కాలనీలో ఉంటున్నాం. ఇక్కడ ఇలాంటివి చాలా ఉన్నాయి, తెలుగువాళ్లం కూడా ఓ పాతిక కుటుంబాల దాకా ఉంటాం. మా పిల్లలు పంపలేదు, మేమే వచ్చాం, ఆ మాట ముందు చెప్పాలి.

ఒక సంగతి మీరు గమనించారో లేదో, మేముండేది వేరు మీరు చూసొచ్చింది వేరు. మాది మనకి మనం తిరగగలిగిన వాళ్లకి. ఇల్లు మనదే, భోజనం కామన్ మెస్, క్లినిక్‌లో నర్సు, తోటపని క్లబ్బు భజన, అంతే. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, బాత్రూంకి తీసికెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, తినిపించడం, ఈ పనుల్లో ఒకటో రెండో మనిషి సాయం కావాల్సిన వాళ్లకి అసిస్టెడ్ లివింగు. ముక్కుకి ట్యూబు, మానని పుండ్లు, ఆక్సిజను ఉంటే అది నర్సింగ్ కేరు, దాని లెక్క వేరు. బ్రోషర్లలో మూడూ ఒకటే ఫోటోలు వేస్తారు, క్యారమ్స్ ఆడుతున్న నవ్వు మొహాలు. మీ అమ్మగారికి వాకరు, ఇన్సులిను, మతిమరుపు ఉన్నాయి కాబట్టి రెండోదే. ఆవిడ రేపు మూడోదానికి మారితే అదే చోట ఉంచుతారా, ఇంటికి తీసుకుపొమ్మంటారా అన్నది ఇవాళే అడగండి. మా పక్కింటాయన భార్యకి మతిమరుపు ముదిరి రాత్రిళ్లు గేటు దాటి పోవడం మొదలుపెట్టాక, పదిహేను రోజుల్లో వేరే చోటు చూసుకోండని కాగితం ఇచ్చారు. ఆయన ఆ వయసులో చోటు కోసం ఊరంతా తిరిగాడు.

మంచి కూడా చెప్తాను. ఇక్కడికి వచ్చాక మా ఆవిడకి వంటింటి చాకిరీ తప్పింది, పాట మళ్లీ మొదలెట్టింది. పక్కన మనుషులుంటారు, ఎవరో ఒకరు తలుపు కొడతారు. గుంటూరులో ఉన్నప్పుడు సాయంత్రం ఆరయితే టీవీ తప్ప పలకరించే దిక్కు లేదు. నాకు మాత్రం మెస్సులో సాంబారు పడదు, అది వేరే గొడవ.

పప్పుచారు
మాస్టారూ సాంబారు గొడవ చిన్నదని తేలిగ్గా తీసేయకండి 😀 మా పెద్దమ్మని సిటీ శివార్లలో ఒకచోట పెట్టారు (పేరు వద్దులెండి), తిండి దగ్గరే మొత్తం చెడింది. వంటవాళ్లు వేరే రాష్ట్రం వాళ్లు, రోజూ ఆలూ, సోయా, చపాతీ, ఆవిడకి పళ్లసెట్టు, చపాతీ నమలలేదు, అడిగితే పాలల్లో నానబెట్టి ఇచ్చారంట. పెరుగన్నం కావాలంటే "మెనూలో లేదమ్మా" అని. ఆయాలు కూడా ఒరిస్సా, జార్ఖండ్ పిల్లలు, పాపం మంచివాళ్లే, కానీ పెద్దమ్మకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, నొప్పి ఎక్కడో చెప్పాలంటే చేత్తో చూపించాల్సిందే. ఆర్నెల్లకి ఏడు కిలోలు తగ్గింది. తీసుకొచ్చేద్దాం అంటే డిపాజిట్ దగ్గర మెలిక, "ఏడాది లోపు వెళ్తే సగమే వెనక్కి" అని లోపలెక్కడో చిన్న అక్షరాల్లో ఉందంట. ఏడాది తిరిగేలోపు ఆ సగం కూడా రంగులు వేయించాం పరుపు మార్చాం అని కోసేశారు.

తెనాలి గారూ మీరు చూసొచ్చిన చోట భోజనం చేశారా? చెయ్యకపోతే ఈసారి చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లి అక్కడ తినండి.

ఫ్రిస్కో_ఆవకాయ
మీ చెల్లెలి వైపు నుంచి కూడా ఒకళ్లు మాట్లాడాలి కదా అని రాస్తున్నా. ఇక్కడికి, అంటే అమెరికాకి, తీసుకొచ్చేయొచ్చు కదా అని అందరూ అంటారు. విజిటర్ వీసా మీద తెస్తే ఇన్సూరెన్సు ముందు నుంచీ ఉన్న జబ్బులకి దాదాపు పనికిరాదు, తుంటి మళ్లీ విరిగితే ఇల్లు అమ్ముకోవాలి. గ్రీన్ కార్డ్ చేయించినా పెద్దవాళ్లు మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్సు) కొనుక్కోవడానికి ఐదేళ్లు వరసగా ఇక్కడ ఉండాలి. పోనీ మెడికేర్ వచ్చినా అసిస్టెడ్ లివింగ్ ఖర్చు అది పెట్టదు, చాలామందికి ఇది తెలీదు. 2024 లెక్కల్లో ఇక్కడ అసిస్టెడ్ లివింగ్ మీడియన్ రేటు నెలకి 5,900 డాలర్లు, అంటే 85 తో కొట్టినా ఐదు లక్షల రూపాయలు. మా వీధిలో తెల్లావిడ ఇల్లు అమ్మేసి వెళ్లింది, డబ్బులు అయిపోతే ఏంటని అడిగితే "అంతకాలం ఉంటానా" అని నవ్వింది.

మన వాళ్లు ఇక్కడికొస్తే ఇంకో బాధ, ఇంట్లో నాలుగు గోడలు, కారు లేకపోతే కాలు బయటపెట్టలేరు, చలికాలం వస్తే చెప్పక్కర్లేదు. మా మామగారు ఆర్నెల్లు అని వచ్చి రెండు నెలలకే టికెట్ మార్పించుకుని పోయారు. కాబట్టి చెల్లెలిని ఖర్చులో వాటా అడగండి, మనిషిని తీసుకెళ్లమని అడక్కండి. ఇంకోటి, చెల్లెలు వీడియో కాల్‌లో అమ్మని చూసి "బానే ఉంది కదా అన్నయ్యా, ఎందుకు హడావిడి" అంటుంది చూడండి, పది నిమిషాల కాల్‌లో అందరూ బానే ఉంటారు. ఓ వారం వచ్చి ఇంట్లో ఉండమనండి.

తెనాలి_టు_మియాపూర్
అచ్చం అదే మాట అంది చెల్లి 🙏 పక్కన కూర్చుని విన్నట్టు రాశారు.
వరంగల్ అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని మళ్లీ తను చదువుకుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను నర్సుని. ఆసుపత్రిలో చాన్నాళ్లు చేసి, తర్వాత వృద్ధుల సెంటర్లలో చేశాను, ఇప్పుడు హోమ్‌కేర్. కాబట్టి రెండువైపులా చూశాను. అందరూ పగటిపూట వెళ్లి చూసొస్తారు, పగలు ఎక్కడైనా బాగుంటుంది. అడగాల్సింది రాత్రి గురించి.

రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరు దాకా ఆ ఫ్లోర్‌లో ఎంతమంది పెద్దవాళ్లకి ఎంతమంది ఆయాలు, నర్సు మెలకువగా ఉంటుందా "ఆన్ కాల్" అని కింద పడుకుంటుందా. పెద్దవాళ్లు పడేది ఎక్కువగా రాత్రి బాత్రూంకి లేచినప్పుడే. మంచం పక్కన కాల్ బెల్ ఉంటే సరిపోదు, మీరు కూర్చుని ఉండగానే నొక్కి చూడండి ఎంతసేపట్లో వస్తారో. బాత్రూంలో కూడా బెల్ ఉండాలి, కింద పడితే అందేంత కిందకి దాని తాడు ఉండాలి. పైన స్విచ్ బోర్డులో ఉంటే అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

తర్వాత మందుల చార్ట్ చూపించమనండి. వేరేవాళ్లది చూపించం అంటే పేరు మూసి చూపించమనండి. మీరు పొద్దున 11కి వెళ్లారనుకోండి, రాత్రి 9 గంటల మాత్ర గడిలో అప్పటికే సంతకం ఉందనుకోండి, ఇంకేం మాట్లాడకుండా లేచి వచ్చేయండి. నేను చూశాను కాబట్టి చెప్తున్నా, నెల చార్ట్ మొత్తానికి ఒకేసారి టిక్కులు కొట్టేసే చోట్లున్నాయి.

ఇంకా అక్కడున్న పెద్దవాళ్ల కాళ్ల వేళ్ల గోళ్లు చూడండి. నవ్వకండి. మొహం ఎవరైనా తుడుస్తారు, గోళ్లు ఎవరూ పట్టించుకోరు. షుగర్ వాళ్లకి గోరు పెరిగి లోపలికి గుచ్చుకుంటే అదే పుండు. వినికిడి మెషిన్ పెట్టుకున్నవాళ్లు కనపడితే పలకరించండి, అందులో బ్యాటరీ ఉందో లేదో తెలిసిపోతుంది.

మీ అమ్మగారికి ముఖ్యమైంది, ఇన్సులిన్. రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారు, పొద్దున టిఫిన్ ఎన్నింటికి? చాలాచోట్ల స్టాఫ్ షిఫ్ట్ కోసం ఆరున్నరకే భోజనం పెట్టేస్తారు, టిఫిన్ ఎనిమిదిన్నర. మధ్యలో పద్నాలుగు గంటలు. రాత్రి ఇన్సులిన్ వేసి అంతసేపు ఏమీ పెట్టకపోతే తెల్లారుజామున షుగర్ డౌన్ అయిపోతుంది, చెమటలు పట్టి పిచ్చిగా మాట్లాడతారు, చూసేవాళ్లు "మతిమరుపు మనిషి కదా" అని వదిలేస్తారు. పడుకునే ముందు పాలో బిస్కెట్టో ఇస్తారా, గ్లూకోమీటర్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎంత చూపిస్తే ఇన్సులిన్ ఆపేస్తారు, ఇవి రాతలో తీసుకోండి. చేతులు మంచానికి కట్టే పద్ధతి ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.

ఇంకొక్కటి, ఇవన్నీ కన్నా ముందు. ఆ మతిమరుపుకి టెస్టులు చేయించారా? షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బీ12 తగ్గిపోతుంది, అది తగ్గితే మతిమరుపూ వస్తుంది కాళ్లలో తూలూ వస్తుంది. థైరాయిడ్, సోడియం, యూరిన్ కల్చర్ కూడా చూడాలి. పెద్దవాళ్లలో యూరిన్ ఇన్ఫెక్షన్‌కి జ్వరం రాకుండా తికమకే వచ్చేస్తుంది. రెండు వేల రూపాయల టెస్టులు చేయించకుండా 3 లక్షల డిపాజిట్ కట్టకండి.

బెజవాడ_బులెట్
సిస్టర్ గారికి దండం. ఇంత వివరంగా డబ్బులిచ్చినా ఎవరూ చెప్పరు.

నేను ఇంట్లో మనిషిని పెట్టే పార్టీ. మా నాన్నకి పక్షవాతం, విజయవాడలో ఇంట్లోనే ఉంచాం. పెద్దవాళ్లకి తమ మంచం, తమ వీధి, తమ పేపరు కుర్రాడు, ఇవి తీసేస్తే సగం ప్రాణం పోతుందండి. కానీ ఆ 28 వేలు చూసి మోసపోవద్దు. 24 గంటల మనిషి అంటే 24 గంటలూ మేలుకునే మనిషి కాదు, రాత్రి పడుకుంటుంది, పడుకోవాలి కూడా. వాళ్లకి నెలకి సెలవులుంటాయి, పండక్కి ఊరెళ్తే వారం రాదు, ఏజెన్సీ వాడు "రీప్లేస్‌మెంట్" అని ఇంకో కొత్త మొహాన్ని పంపిస్తాడు, నాన్న ఆ మొహం చూసి అన్నం తినడు. కమీషన్ వేరే. వంటమనిషి వేరే, ఫిజియో వచ్చి పోతే రోజుకి 600. సీసీ కెమెరా పెట్టాం, అది చూస్తూ ఆఫీసులో నా పని అవ్వదు. లెక్కేసుకుంటే 50 దాటింది. నేను అదే ఊళ్లో ఉన్నా కాబట్టి లాక్కొస్తున్నా. మీరు మియాపూర్‌లో, అమ్మ తెనాలిలో, మధ్యలో ఆరు గంటలు. ఆయా ఫోన్ ఎత్తకపోతే మీకు ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆలోచించుకోండి.

మీ ఫ్లాట్‌కే తెచ్చుకుని పగలు మాత్రం 12 గంటల మనిషిని పెట్టుకుంటే? అది మధ్యేమార్గం కదా?

తెనాలి_టు_మియాపూర్
ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం అన్నా, ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఇక్కడే ఉంది. తొమ్మిదో అంతస్తు. అమ్మ తెనాలిలో అరుగు మీద కూర్చుంటే దారినపోయే ప్రతి మనిషీ పలకరించి పోతాడు, ఇక్కడ లిఫ్ట్‌లో కూడా ఎవడూ మాట్లాడడు. బాల్కనీలో కూర్చుని కింద కార్లు లెక్కపెట్టేది. పిల్లాడికి కోచింగ్, వాడి గదే అమ్మకి ఇచ్చాం, వాడు హాల్లో చదువుకున్నాడు, పైకి ఏమీ అనలేదు గానీ అమ్మకి తెలుసు, అందుకే వెళ్లిపోతానని పట్టుబట్టింది. మళ్లీ తేవచ్చు, కాదనను.

ఒంగోలు_వకీలు
కాగితాల సంగతి చెప్తా, ఎందుకంటే అందరూ రూం చూస్తారు, అగ్రిమెంట్ చూడరు.

ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రాజెక్టులైతే రెరా (బిల్డర్ల మీద ఉన్న రియల్ ఎస్టేట్ చట్టం) పరిధిలోకి వస్తాయి, కానీ రెరా చూసేది బిల్డింగ్ సంగతి, రోజూ అన్నం పెట్టి స్నానం చేయించే సర్వీసు ఎలా ఉందో దానికి సంబంధం లేదు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్స్ మీద మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది, అవి మార్గదర్శకాలే. కాబట్టి మీకు రక్ష మీ అగ్రిమెంటే. అందులో చూడాల్సినవి: ఏటా ఎంత శాతం పెంచుతారు (8 శాతం అని రాసుంటే 58 వేలు ఐదేళ్లకి 85 వేలు), జీఎస్టీ కలిపా కాకనా (ట్రస్టు రిజిస్ట్రేషన్ ఉన్న వృద్ధాశ్రమాలకి నెలకి మనిషికి 25 వేల వరకు మినహాయింపు ఉంది, కంపెనీలకి అది వర్తించదు), డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, మనిషి ఆసుపత్రిలో ఉన్న రోజులకి డబ్బులు తీసుకుంటారా, ఏ పరిస్థితిలో ఖాళీ చేయమంటారు. "మేనేజ్‌మెంట్ నిర్ణయమే తుది" అనే వాక్యం కనపడితే పెన్ను కింద పెట్టండి.

రెండోది, తెనాలి ఇల్లు. ఇప్పుడే అమ్మొద్దు, పిల్లల పేరు మీద దాన సెటిల్‌మెంటు కూడా తొందరపడి రాయించొద్దు. ఒకవేళ రాయిస్తే అమ్మగారి పోషణ చూడాలనే షరతు డాక్యుమెంట్‌లోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు, కానీ షరతు రాతలో లేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి.

మూడోది చాలామందికి తట్టదు. జీపీఏ (అమ్మ తరఫున మనం సంతకాలు పెట్టేలా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించేశాం ఇక దిగుల్లేదు అనుకుంటారు. మన దేశంలో రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు, అంటే సరిగ్గా అవసరమైన రోజునే పనికిరాదు. అమ్మగారికి ఇప్పుడు తెలివి బావుంది కాబట్టి బ్యాంకు ఖాతా ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ చేయించండి, నామినీలు చూసుకోండి, వీలునామా ఆవిడ మనసులో ఏముందో అలా రాయించండి. వెంటిలేటర్ లాంటివి వద్దనుకుంటే ముందస్తు వైద్య ఆదేశం కూడా రాసుకోవచ్చు, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. ఇది ఎలా అడగాలి అంటారా, అదే కష్టం, నేనూ మా అమ్మని ఇంకా అడగలేదు.

భరతవర్ష
ఆస్తి లెక్కలు, అగ్రిమెంట్లు, జీఎస్టీ. తల్లి ఎక్కడుంది ఇందులో?

ఓరుగల్లు_కోడలు
తల్లి షుగర్ డౌన్ కాకుండ ఎవరు చూస్తరో అడుగుతున్నరు గదా సార్, గదే తల్లి. మీరు మీ అమ్మకు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో చెప్పున్రి, జర విందాం.

కోవై_మాస్టారు
కొట్టుకోకండి. కానీ భరతవర్ష గారు అన్నదాంట్లో నాకు పట్టింపు ఉన్న ముక్క ఒకటుంది. మేమే ఇష్టపడి వచ్చాం కాబట్టి ఇమిడాం. కొడుకులు కారెక్కించి "ఊరికే చూసొద్దాం అమ్మా" అని తెచ్చి దింపిపోయిన వాళ్లని కూడా ఇక్కడ చూశాను. ఒకావిడ సంచీ సర్దుకుని మంచం మీద పెట్టుకుని కూర్చునేది, ఎప్పుడడిగినా ఆదివారం వస్తాడు అనేది. అబద్ధం చెప్పి మాత్రం తీసుకురాకండి బాబూ. అమ్మగారిని తీసుకెళ్లి చూపించండి, ఒక నెల ట్రయల్ ఉంటుంది చాలాచోట్ల, డిపాజిట్ లేకుండా. ఆ నెల తెనాలి ఇంటికి తాళం వేసి ఉంచండి, సామాన్లు కదల్చకండి. వెనక్కి పోయే దారి ఉందని తెలిస్తే పెద్దవాళ్లు ధైర్యంగా ఉంటారు.

ఖర్చు సంగతి కూడా. ఆవిడ పేరు మీద 30 లక్షలు ఉంటే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 8.2 శాతం, మూడు నెలలకోసారి 61,500 పడుతుంది, అంటే నెలకి 20,500. పెన్షన్ 24 వేలు కలిపితే 44,500. 58 వేల రూంకి మిగతా 13,500 పిల్లలిద్దరూ పంచుకోవచ్చు, పై ఖర్చులు వేరే. ఆవిడ డబ్బుతో ఆవిడే ఉంటున్నట్టు అవుతుంది, అది ఆవిడకి చెప్పండి. నా డబ్బుతో నేనున్నా అనే మాటకి మా వయసులో ఉండే బలం మీకు తెలీదు.

70 దాటింది కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా తీయించండి, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు. అసిస్టెడ్ లివింగ్ ఫీజు దాంట్లో రాదు, అడ్మిట్ అయితేనే.

పప్పుచారు
మాస్టారూ మీరు బ్యాంకు మానేసినా బ్యాంకు మిమ్మల్ని మానలేదు 😀

తెనాలి_టు_మియాపూర్
ఆలస్యంగా రాస్తున్నా, శనాదివారాలు తెనాలి వెళ్లొచ్చాను. సిస్టర్ గారూ మీరు చెప్పిన టెస్టులు చేయించాం. బీ12 బాగా తక్కువుంది, డాక్టరు ఇంజెక్షన్లు మొదలెట్టారు, సోడియం కూడా కొంచెం తక్కువే, బీపీ మాత్ర మార్చారు. దీనివల్ల ఎంత తేరుకుంటుందో మూడు నెలలు ఆగి చూడాలి, మొత్తం ఇదే కారణం అనుకోవద్దు అన్నారు.

అమ్మతో మాట్లాడాను. రాత్రి అన్నాలయ్యాక, చెల్లిని ఫోన్‌లో పెట్టకుండా. మాస్టారు చెప్పిన లెక్క కాగితం మీద వేసి చూపించాను, అమ్మ టీచరు భార్య కదా, నా కూడిక ఇంకోసారి కూడి చూసుకుంది. అప్పుడు నోరు విప్పింది. తనకి వెళ్లడం కష్టం కాదంట, అక్కడ ఎవరితోనో గది పంచుకోమంటే మాత్రం రానంది. రాత్రి లైటు వేసుకుని పడుకునే అలవాటు తనకి, పక్కావిడ తిడుతుందని భయం. ఇన్నాళ్లూ మేం 42 వేల రూం గురించే తన ముందు మాట్లాడుకున్నాం. ఇంకోటి, కార్తీకమాసం అంతా తెనాలిలోనే ఉంటానంది, గుడి, వనభోజనాలు, పిన్నివాళ్లు, అది వదులుకోనంది. సరే అన్నాను.

చెప్పకుండా ఆ శంకరపల్లి చోటికి కూడా మధ్యాహ్నం వెళ్లాను. భోజనం పర్లేదు, పప్పు, బీరకాయ కూర, పెరుగు ఉంది, ఉప్పు తక్కువ. కాల్ బెల్ నొక్కితే నాలుగు నిమిషాలకి వచ్చారు. మందుల చార్ట్ పేరు మూసి చూపించారు, రాత్రి గడులు ఖాళీగానే ఉన్నాయి. బాత్రూంలో బెల్ పైనే ఉంది, తాడు లేదు, అడిగితే పెట్టిస్తాం అన్నారు. రాత్రి 22 మందికి ఇద్దరు ఆయాలు, ఒక నర్సు. ఇది సరిపోతుందా సిస్టర్? ఆసుపత్రిలో ఉన్న రోజులకి కూడా ఫుల్ ఫీజు అంటున్నారు. భోజనం ఏడింటికి, టిఫిన్ ఎనిమిదికి, మధ్యలో పాలు అడిగితే ఇస్తారంట.

నైట్‌డ్యూటీ_సిస్టర్
22 మందికి ఇద్దరు అంటే ఆ 22 మందిలో మంచం మీదున్నవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టి. అందరూ మీ అమ్మగారిలా నడిచేవాళ్లయితే గట్టెక్కుతుంది, ఎనిమిది మంది డైపర్ వాళ్లుంటే ఆ ఇద్దరూ వాళ్లకే సరిపోతారు, మీ అమ్మగారు బెల్ కొడితే నాలుగు నిమిషాలు కాదు ఇరవై అవుతుంది. అది అడిగి కనుక్కోండి. మీరు నొక్కింది మధ్యాహ్నం, గుర్తుంచుకోండి.

"అడిగితే ఇస్తారు" వద్దు. మీ అమ్మగారు అడగరు, మీ ఇష్టం నాయనా అనే మనిషి పాలు అడుగుతుందా? రోజూ రాత్రి 9:30కి పాలు అని కేర్ ప్లాన్‌లో రాయించండి.

ఒంగోలు_వకీలు
ఆసుపత్రి రోజుల ఫీజు మీద బేరమాడండి, వారం దాటితే తిండి, సర్వీసు తీసేసి రూం అద్దె మాత్రమే అని చాలామంది ఒప్పుకుంటారు. బాత్రూం తాడు పెట్టాకే ట్రయల్ మొదలు అని మెయిల్ పెట్టండి, నోటి మాట కాదు.

బెజవాడ_బులెట్
ట్రయల్ నెలలో మీరు వేర్వేరు టైముల్లో వెళ్లండి. ప్రతి ఆదివారం పదకొండింటికే వెళ్తే వాళ్లు ఆదివారం పదకొండింటికి రెడీ చేసి కూర్చోబెడతారు. ఏదైనా తేడా వస్తే 14567, ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్, అమ్మగారి ఫోన్‌లో కూడా సేవ్ చేసి పెట్టండి.

తెనాలి_టు_మియాపూర్
సింగిల్ రూం, కార్తీకం అయ్యాక నెల ట్రయల్, తెనాలి ఇల్లు అలాగే ఉంటుంది, అక్కడిదాకా అనుకున్నాం. ఈలోపు బీ12 ఇంజెక్షన్లకి ఎలా ఉంటుందో చూసి, అప్పటికి తేరుకుంటే తెనాలిలోనే మనిషిని పెట్టే సంగతి మళ్లీ ఆలోచిస్తాం. చెల్లి నెలకి 10 వేలు పంపుతానంది, డిసెంబర్‌లో వారం కాదు మూడు వారాలు వస్తుందంట. సిస్టర్, ట్రయల్‌కి ఇన్సులిన్ పెన్నులు ఎన్ని ఇచ్చి రావాలి? రెండు నెలలకి సరిపడా కొని ఇచ్చేద్దామనుకుంటున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వద్దు. వాడుతున్నది ఒకటి, ఫ్రిజ్‌లో ఒకటి, అంతే. తెరిచిన పెన్ను బయట మామూలుగా 28 రోజులే, దాని మీద తెరిచిన తేదీ మార్కర్‌తో మీరే రాసి ఇవ్వండి, అమ్మగారి పేరు కూడా. అన్ని పెన్నులూ ఒకే ట్రేలో పెట్టే చోట్ల ఒకరిది ఇంకొకరికి వేసేస్తారు. వెళ్లినప్పుడల్లా ఆ పెన్ను తీసి ఎంత మిగిలిందో చూడండి, రోజుకి ఎన్ని యూనిట్లో మీకు తెలుసు కదా, లెక్క కుదరకపోతే ఎవరో వేయట్లేదని అర్థం.